ఎస్తేరమ్మ గోడ రుచి

బందరులో ఇల్లు కొనేవాళ్లు దూలాలు చూస్తారు, వాకిలి చూస్తారు. మిషన్ బడి టీచరు ఎస్తేరమ్మ మాత్రం గోడను నాలుకతో చూస్తుంది. గొడుగు చంకలో ఇరికించుకుని, ముడిలోంచి పిన్ను తీసి, కొత్త వెల్ల కింద గీకి, ఆ పొడి వేలికొసన అద్దుకుని నోట్లో పెట్టుకుంటుంది. ఆ రోజు నాలుగు వాటాల పాత మేడలో గదిగదికీ అదే చేసింది. "ఉప్పు. సముద్రపు ఇసుకతో కట్టారు. పూతంతా ఇటుక దాకా ఊడగొట్టాలి," అంది. బేరం చెడిందనుకున్నాడు మధ్యవర్తి సాంబశివరావు. ఆమె పెరట్లోకి నడిచి నూతి దగ్గర ఆగింది. ఊరిబయట పేట నుంచి వచ్చిన క్రైస్తవురాలని, అద్దెకున్న ప్రతి ఇంట్లోనూ ఆమెను నూతికి ఎడంగా నిలబెట్టి, బిందెలో నీళ్లు పైనుంచి వంచేవారు. ఇవాళ తనే చేద వేసి, తోడి, దోసిట పోసుకుని తాగింది.

"నీళ్లు తియ్యగా ఉన్నాయండీ. గోడలు నేను బాగుచేయించుకుంటాను. ఆ ఖర్చు మేరకు రేటు తగ్గించమనండి."

అంతలో ఒక వాటాలో అద్దెకుంటున్న ఇల్లాలు బిందెతో వచ్చి, ఆమెను చూసి దూరంగా ఆగిపోయింది. ఎస్తేరమ్మ మళ్లీ చేద వేసి తోడింది.

"బిందె ఇలా పెట్టండమ్మా, పోస్తాను."

ఆవిడ కదలలేదు. నిండు చేద పట్టుకుని ఎస్తేరమ్మా కదలలేదు.