కాలేబన్న చెప్పిన నా జోకులు

నా జోకులను నేనే కాపీ కొట్టానని మొన్న ధర్మవరంలో మూడు వందల మంది ముందు తేలిపోయింది. ఇప్పుడే నవ్వకండి. టీ తాగుతూ మొత్తం వినండి, తర్వాత నవ్వుదురుగాని.

హిందూపురంలో నాకో చిన్న జెరాక్స్ షాపుంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపిపెడుతుంటాను. మిగతా టైమంతా చర్చిలోనే. డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌ల ప్లానింగ్ మొత్తం నాది. అసలు పండుగ ఇరవై అయిదునే అయినా, మా వైపు నెల మొదట్నుంచే ఊరూరా ఒక షామియానా, ఒక కేకు, ఒక వాక్యం అంటే బైబిలు ప్రసంగం, ఆపైన భోజనం. ఈసారి పదహారు రోజుల్లో పదకొండు సభలు. ఏ ఊరు ఏ రోజు, వ్యాను ఎన్ని గంటలకు, కుర్చీలు ఎన్ని, అన్నీ ఎక్సెల్ షీట్లో ఎక్కించేశాను.

ఇంత ఉత్సాహం దేనికంటే, చివరి సభ ధర్మవరంలో. అన్నిట్లోకీ పెద్దది. "ఈ ఏడు ఆడ వాక్యం నువ్వే చెప్పు ప్రకాశ్" అని మా పాస్టరు అయ్యగారు ఆగస్టులోనే మాటిచ్చారు. నేను ఇరవై రెండు పేజీలు రాసుకున్నాను. స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివితే సరిగ్గా పద్దెనిమిది నిమిషాలు. అందులో ఏడు జోకులు. అంటే సుమారు రెండున్నర నిమిషాలకో నవ్వు. ఇంత లెక్కగా ప్రసంగం తయారుచేసుకున్నవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడని నా గట్టి నమ్మకం.

అప్పుడు దిగాడండీ కాలేబు.

న్యూజిలాండ్ కుర్రాడు. ఇరవై రెండేళ్లు. కొత్తగా మిషనరీ అయ్యాడు, ఇంటికి దూరంగా క్రిస్మస్ చేసుకోవడం ఇదే మొదటిసారట. పొడవు ఆరడుగుల రెండంగుళాలు, నాకంటే ఏడంగుళాలు ఎక్కువ. ఇద్దరం పక్కపక్కన నిలబడితే ఫొటోలో నేను మైకు స్టాండులా పడతాను.

అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "పదకొండు సభల్లోనూ కాలేబే చెప్తాడు ప్రకాశ్. నువ్వు తర్జుమా చెయ్యి. ఆయన ఇంగ్లిష్ స్పీడు నువ్వు తప్ప ఇంకెవరు పట్టుకుంటారబ్బా?"

"ధర్మవరంలో కూడానా అయ్యగారూ?"

"ధర్మవరంలో ముఖ్యంగా!"

పొగుడుతూ పోస్టు పీకేయడం అంటే ఇదే. ఆ రాత్రి అన్నం తిన్నాను గానీ ఏం తిన్నానో గుర్తులేదు.

మొదటి సభ హిందూపురంలోనే. కాలేబు లేచి, తమ దేశంలో డిసెంబరంటే ఎండాకాలమని, పండుగ రోజు సముద్రం ఒడ్డుకు పోయి మాంసం కాల్చుకుని తింటామని, వాళ్ల తాత ఇసుకలో నిద్రపోతాడని చెప్పుకొచ్చాడు. మంచివాడే, కానీ ప్రసంగం మాత్రం మా షాపులో కరెంటు పోయినప్పుడు ఉన్నంత చప్పగా ఉంది. ముందు వరసలో ఇద్దరు కునుకు తీస్తున్నారు. నాకు లోపల హాయిగా ఉంది. పడుకోనీ, అనుకున్నాను.

ఇంతలో ఆయన మరియ, యోసేపుల దగ్గరికొచ్చి, "వాళ్లకు సత్రంలో చోటు దొరకలేదు" అన్నాడు. నా నోట్సులో సరిగ్గా అక్కడే జోకు నంబర్ వన్ ఉంది. నాలుక దురద పెట్టింది. ఆపుకోలేకపోయాను.

"సత్రంలో చోటు లేదన్యారంట! అదే మన హిందూపురం, ధర్మవరం బస్సు అయ్యింటే? 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అని ఇంకో నలభై మందిని ఎక్కించేటోళ్లు. పాపం, బెత్లెహేములో మన కండక్టరు లేకపాయ!"

షామియానా అదిరిపోయింది! కునుకు తీసేవాళ్లు కూడా లేచి కూర్చుని, ఏమైందో పక్కవాళ్లను అడిగి మరీ నవ్వారు. కాలేబు ఆశ్చర్యంగా చుట్టూ చూసి, తన మాటకే నవ్వారనుకుని చెవుల దాకా నవ్వాడు.

సభ అయ్యాక జనం మీదికొచ్చారు. నా మీదికి కాదు, కాలేబు మీదికి.

"ఎంత బాగా చెప్పినావన్నా! మన బస్సు సంగతి కూడా తెలుసుకోని వచ్చినాడు చూడబ్బా!"

"ఆ బస్సు మాట నేనే..." అన్నాను.

"నువ్వు కూడా తెలుగు బాగానే చేసినావులే" అని నా భుజం తట్టి, కాలేబుకు శాలువా కప్పారు. ఫొటోలకు అడ్డమని ఆ శాలువా మళ్లీ తీసి నా చేతికిచ్చారు, పట్టుకోమని.

కడుపు మండింది. సరే, ఇకనుంచి ఉన్నది ఉన్నట్టే చెప్తాను, అప్పుడు తెలుస్తుంది ఎవరి గొప్పేమిటో అని ఒట్టు పెట్టుకున్నాను. రెండో సభ అమరాపురంలో. సముద్రమంటే సముద్రం, ఇసుకంటే ఇసుక, తాతంటే తాత. ఒక్క మాట కలిపితే ఒట్టు. ఒక్క నవ్వూ లేదు. స్కోరు సున్నా. నేను గర్వంగా దిగుతుంటే అక్కడి సంఘపెద్ద ఆపాడు.

"ఏమప్పా, ఆయన అంత బాగా చెప్తాంటే నువ్వు సరిగ్గా తెలుగులో చెప్పలేకపోతే ఎట్ల? హిందూపురంలో జనం పడిపడి నవ్వినారంట. ఈడికొచ్చి మొత్తం పాడు చేసినావు కదా!"

చూశారా న్యాయం! నవ్వొస్తే ఆయన గొప్ప. నవ్వు రాకపోతే నా తప్పు.

ఇక లాభం లేదని మూడో సభలో జోకు నంబర్ టూ తీశాను. కాలేబు "గొర్రెల కాపరులు వెంటనే బయల్దేరారు" అన్నాడు. నేను, "దేవదూత వచ్చి చెప్తానే కాపర్లు లేచి పోయినారు. అదే మా పెద్దనాయన అయ్యింటే, 'సామీ, నువ్వు రోంచేపు ఈ గొర్రెల కాడ కూర్చో, నేను పోయి చూసొస్తా' అనేటోడు!" అన్నాను. అక్కడ అందరికీ గొర్రెలున్నాయి. ఒకాయన నవ్వలేక కుర్చీలోంచి జారాడు. నిజం చెప్పాలంటే, నవ్వు ఎవరి పేరున పడినా చెవికి తియ్యగానే ఉంటుంది. ఎనిమిదో సభ అయ్యేసరికి నా ఏడు జోకులూ అయిపోయాయి. శాలువాలు ఆయనకు ఎనిమిది, నాకు సున్నా. వాట్సాప్ స్టేటస్‌లన్నీ కాలేబన్నే. వీడియోల్లో నా గొంతు, ఆయన ముఖం.

ఈ మంటలో నేనో పాడుపని చేశాను. ఇదెవరికీ చెప్పకండి.

మా సభల తర్వాత భోజనం ఒక ఇంట్లో అయిపోదు. పెద్దలు మూడు నాలుగు ఇళ్లకు పిలుస్తారు, ఎక్కడ తినకపోయినా వాళ్లు నొచ్చుకుంటారు. తొమ్మిదో సభ తాడిమర్రిలో. రెండో ఇంట్లోనే కాలేబు నా చెవిలో, "చాలా బాగుంది, కానీ ఇక నా వల్ల కాదని కాస్త చెప్పవా?" అని బతిమాలాడు.

నేను ఆ ఇంటామె వైపు తిరిగాను. "చాలా బాగుండాదంటక్కా. ఇంకొంచెం పెట్టమంటాండాడు."

ఆమె ముఖం వెలిగిపోయింది. గరిటెడు కాదు, గిన్నే తెచ్చింది. పక్కన కూర్చుని తింటున్న అమ్మగారు, అంటే మా అయ్యగారి భార్య, కళ్లద్దాల మీంచి నన్నొక చూపు చూశారు. నేను చారులో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పెనుకొండకు బస్సులో పోతుంటే కాలేబు కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నాడు. "ఇంట్లో అయితే ఈపాటికి మా అమ్మ చెట్టుకు లైట్లు కడుతుంటుంది. ఇక్కడికి రాకముందు చాలా భయపడ్డాను ప్రకాశ్. మా ఇంట్లో నవ్వించేది మా అన్న. నేను మాట్లాడితే ఎవరూ నవ్వరు. ఇక్కడ మాత్రం నవ్వుతున్నారు! నిన్న ఫోన్లో అమ్మకు చెప్తే నమ్మలేదు."

పాపం అనిపించింది. పెనుకొండ బస్టాండు దాకా, అంటే దాదాపు ఇరవై నిమిషాలు, నేను మంచివాణ్ణే. దిగగానే పూలదండలు పట్టుకుని జనం "కాలేబన్న! కాలేబన్న!" అంటూ వచ్చి, నన్ను తోసుకుని వెళ్లిపోయారు. మళ్లీ మొదలైంది మంట.

ఆ రోజు సభ తర్వాత ఆ ఊరి మరియమ్మవ్వ ఇంట్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు, పైన నెయ్యి వేసిన ఓళిగలు, అదే బొబ్బట్లు. కాలేబు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నేను తర్జుమా చేశాను. మొత్తం మూడు ముద్దలు, ఎనిమిది ఓళిగలు.

"వద్దనే మాటే అనడు, ఎంత మంచి బిడ్డో!" అని అవ్వ ఆయన తల నిమిరింది. "నువ్వు చూడు, అన్నం కెలుకుతాండావు" అని నన్ను తిట్టింది.

మర్నాడు పొద్దున ఫోన్. అయ్యగారు. "ప్రకాశ్, కాలేబుకు కడుపు పాడయ్యింది. లేచి నిలబడలేకపోతాండాడు. డాక్టరు రెండు రోజులు మజ్జిగన్నం తప్ప ఏమీ వద్దన్నాడు. ధర్మవరంలో ఈ మధ్యాహ్నం నువ్వే చెప్పాల."

"అయ్యో పాపం" అన్నాను. ఆ రెండు మాటలను ఏడుపు గొంతుతో అనడానికి ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు.

ధర్మవరంలో మూడు వందల మంది. ఆడవాళ్లంతా పట్టుచీరల్లో తళతళలాడుతున్నారు. ముందు వరసల్లో హిందూపురం వాళ్లు, పెనుకొండ వాళ్లు. నేనే ప్లాన్ చేసి నేనే పంపించిన రెండు వ్యాన్ల జనం. నేను ఇరవై రెండు పేజీలు సర్దుకుని, గొంతు సవరించుకుని, సత్రం దగ్గరికొచ్చాను.

"అదే మన హిందూపురం, ధర్మవరం బస్సు అయ్యింటే..."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకామె పక్కామెతో గట్టిగానే, "ఇది కాలేబన్న చెప్పింది కదక్కా!" అంది.

చెమట పట్టింది. పేజీలు తిప్పి గొర్రెల దగ్గరికి దూకాను. "దేవదూత వచ్చి చెప్తానే... అదే మా పెద్దనాయన అయ్యింటే..."

"నువ్వు రోంచేపు ఈ గొర్రెల కాడ కూర్చో!" రెండు వ్యాన్ల జనం కలిసి అరిచారు, పాటలో పల్లవి అందుకున్నట్టు. వెనక నుంచి ఒకాయన, "వాట్సాప్‌లో చూసినాంలేప్పా, కొత్తదేమన్నా ఉంటే చెప్పు" అన్నాడు. ఇంకొకాయన, "ఆయన చెప్తే ఆ అందమే వేరు" అన్నాడు.

మిగతా అయిదు జోకులూ దాటేశాను. పద్దెనిమిది నిమిషాల ప్రసంగం ఏడు నిమిషాల్లో ఆమెన్ అయిపోయింది. ఏడు నవ్వులకు సున్నా. అమరాపురం స్కోరే.

దిగగానే అమ్మగారి దగ్గరికి పరుగెత్తాను. ఆమె హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పిన మనిషి, పదకొండు సభలకూ వచ్చిన మనిషి. "అమ్మగారూ, కాలేబు ఏం చెప్పాడో మీకు తెలుసు కదా! ఆ బస్సు, ఆ గొర్రెలు, అన్నీ నావే. ఒక్క మాట మైకులో చెప్పండి!"

అమ్మగారు శాంతంగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చెప్తాను నాయనా. నాకు మొదట్నుంచీ తెలుసు. మరి 'ఇక నా వల్ల కాదు' అన్నదాన్ని 'ఇంకొంచెం పెట్టండి' చేసింది కూడా నువ్వేనని మైకులోనే చెప్పమంటావా?"

"వద్దమ్మగారూ."

"వద్దా? ఇంకొంచెం చెప్పమంటావా?"

"వద్దమ్మగారూ!"

తోక ముడుచుకుని చెప్పుల కోసం వెతుక్కుంటుంటే మరియమ్మవ్వ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు. ఈవిడకైనా నా బాధ తెలిసింది అనుకుని కరిగిపోయాను.

"ఏమబ్బా, మనిషి పక్కన లేకపోయినా ఒక్క మాట మర్చిపోకుండా ఎంత బాగా తర్జుమా చేసినావు! మళ్లీ ఏడు ఆ బిడ్డ వచ్చినా రాకపోయినా, నువ్వు మాత్రం మా పెనుకొండకు వచ్చి ఆయన వాక్యం చెప్పి పో."

చూడండి, నా జీవితంలో వాక్యం చెప్పమని జనంలోంచి వచ్చిన మొదటి పిలుపు అది.

వదులుకుంటానా? "వస్తానవ్వా" అన్నాను. "ఆయన్ని అడిగి వస్తాను."