టీచరమ్మ మణికట్టంత దూరం

సీతాఫల్‌మండిలో మా తుకారాం యాభై రెండేళ్లుగా బట్టలు కుడుతున్నాడు. రోడ్డు మీద పోయే మనిషిని చూసి నడుము కొలత చెప్పేస్తాడు. ఒకసారి కంటోన్మెంటు కల్నల్‌గారికీ చెప్పాడు, ఆయన గుర్రానికీ చెప్పాడు. ఆ గుర్రానికి కుట్టిన కోటు ఎంత బాగా కుదిరిందంటే, ఎండాకాలం వచ్చినా అది విప్పనివ్వలేదు. బేగంపేటలో దిగే విమానాలు మా తలల మీదుగా పోయే రోజుల్లో తుకారాం మిషను ఆపి, అవి కనుమరుగయ్యేదాకా చూసేవాడు. ఎక్కింది మాత్రం లేదు.

అతని షాపులో ఒక పాత గ్లోబు ఉంది. మా కాన్వెంటుది. నాలుగో తరగతిలో నేను దాన్ని కింద పడేస్తే న్యూజిలాండ్ దగ్గర సొట్ట పడింది. ఆ తప్పుకు మోకాళ్ల మీద నిలబడింది నా పక్క బెంచీ మేబెల్. తర్వాత ఆమె అదే స్కూల్లో టీచరైంది. స్కూలువాళ్లు గ్లోబును పారేస్తుంటే నేనే తెచ్చి తుకారాంకిచ్చాను.

మొన్న జూన్‌లో నేను షాపులో ఉండగా మేబెల్ వచ్చింది.

"నా కోటు కుట్టకు తుకారాం. నేను పోవట్లేదు."

ఆమె చెల్లెలు ప్రిసిల్లా నలభై ఏళ్లుగా న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఉంటోంది. ఇక్కడున్నన్నాళ్లూ ఆమె బట్టలూ తుకారాం కుట్టినవే. చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోకముందే అక్కను ఒక్కసారి చూడాలని టికెట్ కొని పంపింది.

"ఏమైంది టీచరమ్మా?"

"దోహాలో విమానం మారాక ఇంకా పదిహేడు గంటలట. పద్నాలుగున్నర వేల కిలోమీటర్లు. ఈ మోకాళ్లతో నావల్ల కాదు. సాయంత్రం ఫోన్ చేసి చెప్పేస్తా."

"ఆ మోకాళ్లు పోయింది నావల్లే," అన్నాను.

"నువ్వు ఊరుకో రామ్మోహన్."

తుకారాం గ్లోబు దింపి దాని నడుముకు టేపు చుట్టాడు. "నలభై సెంటీమీటర్లు. భూమి నడుము నలభై వేల కిలోమీటర్లని మా బిడ్డకు మీరే చెప్పిన్రు. అంటే సెంటీమీటరుకు వెయ్యి." టేపు కొస దోహా మీద పెట్టి, సొట్ట దాకా లాగాడు. "పద్నాలుగున్నర. జెర చూడున్రి, మళ్ల మన దేశం మీదికెళ్లే పోతది."

పద్నాలుగున్నర గుర్తు మీది బొటనవేలు తియ్యకుండా ఆ టేపును ఆమె మణికట్టుకు చుట్టాడు. కొసలు సరిగ్గా కలిశాయి.

"ముప్పై ఏండ్ల సంది మీ చేతి కొలత ఇదే. దూరం గింతే. అప్పట్ల మీరూ ప్రిసిల్లమ్మా రైల్ల ట్రంకు పెట్టె మీద కూసోని ఢిల్లీ దాకా పోలేదా? దినంనర. కోటు సుత లేకుండె."

మేబెల్ టేపు విప్పి అతని చేతికిచ్చింది.

"ఆ ట్రంకు మీద ముప్పావు చోటు దానిదే," అంది. "నన్ను అంచుకు తోసేది." లేచి నిలబడటానికి నా భుజం పట్టుకుంది. "చేతులు కొంచెం పొడుగ్గా పెట్టు తుకారాం. అక్కడ చలికాలమట."

విమానమెక్కిన నాలుగో రోజు మేబెల్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. తుకారాంకు కూడా వినబడేలా పెట్టాను. ఎయిర్‌పోర్టులో ప్రిసిల్లాకు అందరూ నీడల్లాగే కనిపించారట. దగ్గరికొచ్చిన నీడ చెయ్యి తడిమి, కఫ్ మడత తిప్పి, లోపలి కుట్టును వేలితో చూసి, "ఇది తుకారాం పని. మేబెల్, నువ్వేనా?" అందట.

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. తుకారాం ఫోన్ దగ్గరికి వంగాడు.

"టీచరమ్మా, చేతులు మరీ పొడుగు కాలేదు గదా?"