మావయ్య ఊఁ కొట్టకూడదు

మా మావయ్య బస్టాండులో మైకు. కాగితాల మీద ఆ ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది గానీ, డ్రైవర్ల దగ్గర్నుంచి టీకొట్టు ఆయన దాకా అందరూ పిలిచేది 'మైకుగారూ' అనే. మొదట సామాన్ల గదిలో చేరాడట. ఒకరోజు ప్రకటనలు చదివే ఆయనకి జ్వరమొస్తే, "ఎవరో ఒకరు చదవండయ్యా" అని ఈయన్ని కుర్చీలో కూర్చోబెట్టేశారు. కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. ఆ గొంతు అలాంటిది. "తొందరపడకండి, బస్సు మిమ్మల్ని వదిలి వెళ్లదు" అని మావయ్య అంటే, అప్పటికే బస్సు తప్పిపోయినవాళ్లు కూడా నిమ్మళించి బెంచీ మీద కూర్చునేవాళ్లు. తప్పిపోయి ఏడ్చే పిల్లల్ని ఆయన గదిలోనే కూర్చోబెట్టేవాళ్లు. వాళ్ల అమ్మ వచ్చాక మళ్లీ ఏడ్చేవాళ్లు, అక్కణ్ణుంచి వెళ్లాల్సి వస్తుందని.

ఇంటికొస్తే మాత్రం ఆ గొంతుకి షట్టరు దించేసేవాడు. ఇంట్లో మాట్లాడే డిపార్టుమెంటు అత్తయ్యది.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోయింది. మిరియాలు, తేనె, పుక్కిలింతలు అన్నీ అయ్యాక పెద్దాసుపత్రికి వెళితే, స్వరతంత్రుల మీద చిన్న బుడిపె ఉంది, తీసెయ్యాలన్నారు. ఆపరేషన్ చిన్నదే, అసలు కష్టం ఆ తర్వాత. "పది రోజులు గొంతులోంచి చప్పుడు రాకూడదు. గుసగుస కూడా వద్దు. గొంతు సవరించుకోవడం వద్దు. పుండు సరిగ్గా మానకపోతే ఈ గొంతు ఇలాగే ఉండిపోతుంది" అంది డాక్టరమ్మ. బస్టాండు మేనేజరు అంతకు ముందే చల్లగా ఒక మాట చెప్పి ఉన్నాడు: గొంతు రాకపోతే మళ్లీ సామాన్ల గదే.

ఇక్కడే నేను రంగప్రవేశం చేశాను. ఎవరూ పిలవకుండానే.

నేను ఆస్పత్రుల కోసం ఫోన్ యాప్‌లు డిజైన్ చేస్తాను. అలా చెప్తే చిన్నగా ఉంటుందని, 'రోగికీ వైద్యానికీ మధ్య వంతెన కడతాను' అని చెప్పుకునేదాన్ని. మా అమ్మ ఆ మాటే చుట్టాలకి చెప్తే, ఒక పెద్దాయన ఫోన్ చేసి సిమెంటు ధర అడిగాడు. మావయ్య వెళ్లిన ఆస్పత్రికే అప్పుడు మేం గొంతు ఆపరేషన్ రోగుల కోసం ఒక యాప్ చేస్తున్నాం. దానికి 'మౌనమిత్ర' అని పేరు పెట్టింది నేనే. పేరు తట్టిన రోజు ఆఫీసులో అందరికీ స్వీట్లు కూడా పంచాను.

ఆపరేషన్ ముందురోజు మావయ్య గొంతుతోనే బటన్లు రికార్డు చేశాను. 'నీళ్లు కావాలి', 'నొప్పిగా ఉంది', 'నర్సుని పిలవండి'. నొక్కితే చాలు, ఆయన గొంతే పలుకుతుంది. అంతేనా! ఫోను మెడలో వేసుకుంటే, ఆయన పొరపాటున చప్పుడు చేసినా కనిపెట్టి తెర ఎర్రగా చేస్తుంది, ఆస్పత్రికి కబురు పంపుతుంది. రోజంతా ఎరుపు పడకపోతే 'మౌనవీర' అనే పతకం, చుట్టూ మెరుపులు. ఇదంతా ఆయనకి సినిమా కథలా వివరించాను. ఓపిగ్గా విన్నాడు. విన్నాడనే అనుకున్నాను.

ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు ఆఫీసులో గ్రాఫు తెరిచి చూశాను. మందారం చెట్టులా ఉంది, ఎక్కడ చూసినా ఎరుపే. ఆస్పత్రి నర్సు ఫోన్ చేసింది. "ఏమ్మా, మీ మావయ్యగారు ఉపన్యాసాలేమైనా ఇస్తున్నారా?"

పరిగెత్తుకుంటూ వాళ్లింటికెళ్లాను. "మావయ్యా, నీకు గొంతు కావాలా వద్దా? దొంగచాటుగా మాట్లాడుతున్నావు కదూ?" అని నిలదీశాను. ఆయన ముఖం ఎర్రబడింది. పలక తీసుకుని గబగబా రాశాడు: 'ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.'

"ఆయన మాట్లాడలేదే, నాదీ పూచీ" అంది అత్తయ్య. "మీ డబ్బాకే చెముడు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు, నా యాప్ తప్పు చెప్పదని నేను భీష్మించుకుని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అత్తయ్య బీన్స్ తుంచుతూ, పైవాటా వాళ్ల నీళ్ల ట్యాంకు కథ ఎత్తుకుంది.

"ఏవండీ, విన్నారా? రాత్రంతా పొంగిపోయిందట."

"ఊఁ."

తెర ఎర్రబడింది.

"మోటారు ఆపడం మర్చిపోయి, పైగా మనమే కుళాయి తిప్పామంటుంది ఆవిడ!"

"ఊఁ?"

ఎరుపు.

"నేనూరుకున్నానా? కడిగేశాను."

"ఊఁఊఁ."

ఎరుపు, ఎరుపు.

నేను అరిచాను. "మావయ్యా! అదే! అదే మాట్లాడటం!"

ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. మావయ్య పలక మీద తీరిగ్గా రాశాడు: 'ఊఁ కొట్టడం మాటెలా అవుతుంది?' అత్తయ్య అది చదివి, జవాబు సరిగ్గా ఉందన్న మేష్టారిలా తలాడించింది. ఇన్నేళ్ల కాపురంలో ఊపిరి పీల్చడం ఎంతో ఊఁ కొట్టడం అంతే. డాక్టరమ్మ గుసగుస వద్దంది, గొంతు సవరించుకోవద్దంది, ఊఁ వద్దని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మా ఆఫీసులో ఇరవై మంది కూర్చుని రోగి ఏమేం అడుగుతాడో ఆలోచించాం గానీ, ఇంటికెళ్లాక ఆయన పక్కన ఒక మనిషి మాట్లాడుతూ ఉంటుందన్న ఆలోచన ఒక్క బుర్రకీ తట్టలేదు. ఆ బుర్రల్లో మొదటిది నాదే.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "అదీ కుదరదమ్మా, స్వరతంత్రులు కొట్టుకుంటాయిగా" అంది.

నా మొదటి పరిష్కారం చాలా తెలివైనది. అత్తయ్యని మాట్లాడొద్దన్నాను.

"అలాగేలేమ్మా" అని లోపలికెళ్లిపోయింది. రెండు రోజులు ఇల్లు సెలవురోజు బ్యాంకులా ఉంది. గ్రాఫులో ఒక్క ఎర్ర చుక్క లేదు. మావయ్యకి మౌనవీర పతకం వచ్చింది, మెరుపులు మెరిశాయి. ఆయన ఫోను బోర్లా పెట్టి, కంచంలో సగం వదిలేసి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అత్తయ్య గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు. "నేనేదైనా అంటే ఆయనకి నోరాగదు. ఆయన గొంతు పోతే నా వల్లే పోయిందంటారు. నాకెందుకొచ్చిన మాట?" అంది నాతో. కళ్లు మాత్రం సబ్బునీళ్లలోనే ఉన్నాయి.

రెండో పరిష్కారంగా 'ఊఁ' బటన్ పెట్టాను. నా గొంతుతో. అత్తయ్య బతిమాలించుకుని కథ మొదలుపెట్టింది, మావయ్య నొక్కాడు, ఆవిడ ఉలిక్కిపడింది. "ఎవరే అది? నా మొగుడి మెడలో ఆడపిల్ల ఊఁ కొడుతోంది!"

అప్పుడు గుర్తొచ్చింది, ఆపరేషన్ ముందురోజు రికార్డింగు మొత్తం నా దగ్గర అలాగే ఉందని. బటన్ల మాటలు కత్తిరించుకుని మిగతాది వదిలేశాను. మిగతాదంటే, నేను యాప్ గొప్పలు చెప్తుంటే మావయ్య ఊఁ కొట్టిన గంటసేపు! గని దొరికినట్టయింది. ఏరుకొచ్చి ఆరు బటన్లు చేశాను.

అత్తయ్య ఒక్కోటీ నొక్కి విన్నది. "ఆయనే. అచ్చం ఆయనే." మళ్లీ విని నుదురు ముడిచింది. "కానీ ఇదేంటే, ఇది 'ఎప్పుడు వదులుతావే తల్లీ' అనే ఊఁ. ఇదేమో నిద్ర ఊఁ. ఆయన ఇంత విసుక్కుంటున్నది ఎవరి మీద?"

"నా మీదే అత్తయ్యా. యాప్ గురించి చెప్తున్నాను."

మావయ్య కిటికీలోంచి బయటికి చూడసాగాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నవ్వకూడదని డాక్టరమ్మ విడిగా చెప్పింది కాబట్టి గుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. మొత్తం రికార్డింగులో నిజంగా ఆసక్తిగా ఉన్న ఊఁలు రెండే దొరికాయి. ఆ రెండూ నేను ఇంకా లాప్‌టాప్ తెరవకముందు, అమ్మ ఆరోగ్యం గురించి చెప్తున్నప్పటివి.

ఆ రెండింటితోనే నెట్టుకొచ్చారు. మధ్యలో నా వంతెన ఇంకోసారి కూలింది. ఫోను పలికిన ఊఁని ఫోనే విని, మావయ్య చప్పుడు చేశాడని ఆస్పత్రికి ఫిర్యాదు చేసింది. "ఈ యాప్ తన మీద తనే చాడీలు చెప్పుకుంటోందమ్మా" అంది నర్సు. అది సరిచేశాక గ్రాఫు తెల్లబడింది, ట్యాంకు కథ మూడో భాగంలో పడింది.

కానీ మొదటి రోజుల ఎరుపు ఎంత చెరుపు చేసిందో ఎవరికీ తెలియదు. పరీక్షకి వెళ్లిన రోజు అత్తయ్య దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ ఏమీ వివరించలేదు. అంతటి రోజది.

డాక్టరమ్మ గొట్టంతో గొంతులోకి చూసింది. చాలాసేపు చూసింది. "ఒక పక్క ఇంకా కొంచెం ఎర్రగా ఉంది" అంది. "కానీ మానుతోంది. ఇప్పుడు మెల్లగా, మామూలుగా ఏదైనా ఒక మాట అనండి. విందాం."

మావయ్య నోరు తెరిచాడు. మూశాడు. రోజుకి కొన్ని వేలమందికి చెప్పాల్సినవన్నీ చెప్పిన మనిషికి ఒక్క మాట తట్టలేదు.

"ఏదో ఒకటి అనండీ, సిగ్గెందుకు?" అంది అత్తయ్య, తనే చీర కొంగు మెలిపెడుతూ. నేను ఈ ఘట్టాన్ని ఆఫీసులో చూపిద్దామని ఫోను పైకెత్తి పట్టుకున్నాను.

మావయ్య నన్నూ, ఫోనునీ, గోడ మీది గొంతు బొమ్మనీ చూసి, చివరికి అత్తయ్య వైపు తిరిగాడు.

"గ్యాస్ కట్టేశావా?"

అంచున కొంచెం గరుకు ఉంది. మిగతాదంతా ఆయన గొంతే.

అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడవబోతోందనుకున్నాను. "పాలు పెట్టానండీ" అంది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేశాను!"

ముగ్గురం పరుగు తీశాం. వెనక నుంచి డాక్టరమ్మ, "అరవకండి! గట్టిగా అరవకండి! రెండు వారాల తర్వాత మైకు దగ్గరికి వెళ్లొచ్చు!" అని తనే గట్టిగా అరుస్తోంది. ఆటోలో అత్తయ్య పాల గురించి, గిన్నె గురించి, తన మతిమరుపు గురించి, దానికి కారణమైన మా అందరి గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్తోంది. మావయ్య ఫోను నా ఒళ్లో పడేసి, మెల్లగా, జాగ్రత్తగా ఊఁ అంటున్నాడు.