ఉప్పునీటి ఊరి అక్కయ్య

మా పక్కింటి గ్రీకు ఆవిడ కిందటి నెల పోయింది. కబురు మా అమ్మాయి తెచ్చింది. హాస్పిటల్ నుంచి వచ్చి, కారు తాళాలు చేతిలో పట్టుకునే, "అమ్మా, పక్కింటి గ్రీకావిడ పొద్దున పోయిందట. నిద్రలోనే. వాళ్ళబ్బాయి డ్రైవ్‌వేలో కనబడి చెప్పాడు" అంది. డాక్టరు కదా, "సఫర్ అవలేదు, అదే అదృష్టం" అని కూడా అంది. మనిషి ఎలా పోయిందన్నది డాక్టర్లకి ముఖ్యం. ఎక్కడికి పోవాలనుకుందన్నది వాళ్ళ సబ్జెక్టు కాదు.

ఆవిడ కోరుకున్నది ఒకటే. చనిపోయాక తన ఊళ్ళో, మట్టి ఒంటికి తగిలేలా పడుకోవాలని. అది జరగలేదు. ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఇళ్ళల్లో నాబోటి ముసలివాళ్ళు ఉన్నారు. అందుకని మంచిమాటలు నాలుగు రాసి ఊరుకోకుండా జరిగింది కూడా రాస్తున్నాను.

నేను పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో అమెరికాలోని ఈ పార్సిప్పనీ ఊరికి వచ్చాను. నెల్లూరులో ఆడపిల్లల హైస్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరై, ఇక్కడ మనవరాలికి డయపర్లు మార్చే ఉద్యోగంలో చేరాను. వచ్చిన మొదటి వసంతంలో, పప్పులో వేయడానికి ఆకుకూర ఏదైనా దొరుకుతుందేమోనని వెనక లాన్‌లో వంగి వెతుకుతుంటే, పక్క లాన్‌లో నల్ల గౌను, నల్ల మేజోళ్ళు, తలకి నల్ల గుడ్డ కట్టుకున్న ఒకావిడ కూడా వంగి ఏదో కోస్తోంది. డాండిలయన్ అనే కలుపు మొక్క ఆకు. దాన్ని చంపడానికి ఈ దేశం వాళ్ళు మందు కొడతారు. ఆవిడ ఒక గుప్పెడు నాకిచ్చి, ఉడకబెట్టి నిమ్మకాయ పిండమని చేత్తో చూపించింది. నేను పప్పులో వేశాను. చేదు. మర్నాడు ఆ మాటే చెప్పాను. "చేదుగా ఉండాలనేగా తినేది" అంది.

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. ఆవిడది కొడుకు నడిపే డైనర్ అనే చిన్న హోటల్ వంటింట్లో నేర్చింది, నాది గ్రామర్ పుస్తకంలో నేర్చింది. రెండూ అమెరికన్లకి అర్థమయ్యేవి కావు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఇద్దరం పండితుల్లా కనబడవచ్చు, నమ్మకండి. ఆవిడ నన్ను "టీచర్" అనేది. నాకంటే పెద్దది కాబట్టి నేను "అక్కా" అన్నాను. అర్థం చెబితే, "అయితే ఇక నేను చెప్పినట్టు వినాలి నువ్వు" అంది.

ఆవిడ ఊరు గ్రీసు పడమటి తీరంలో ఒక లాగూన్ మధ్యన ఉంది. లాగూన్ అంటే సముద్రానికి ఇసుక దిబ్బ అడ్డుపడగా లోపల నిలిచిన ఉప్పునీటి సరస్సు. ఈ వాక్యాన్ని నేను ఎన్నో ఏళ్ళు నల్లబల్ల మీద రాశాను. ఆవిడ ఒకరోజు రొట్టె చేసే బల్ల మీద పిండి చల్లి, వేలితో ఊరిని గీసి చూపించింది. ఇది సముద్రం, ఇవి ఇసుక దిబ్బలు, ఈ మధ్యదంతా మోకాలి లోతు నీళ్ళు, ఇదిగో అరచేయంత ద్వీపం, దాని మీద ఊరు, అటో రాతి వంతెన, ఇటో రాతి వంతెన.

"ఉత్తరం ఎటు?" అని అడిగాను. వృత్తి దోషం.

"ఫ్రిజ్ వైపు" అంది.

నేనూ పులికాట్ సరస్సు పక్కన పుట్టినదాన్నే. కాబట్టి ఊరుకోలేదు. మా దగ్గరా నీళ్ళు మోకాలి లోతే అన్నాను. మా దగ్గర ఉప్పు మళ్ళున్నాయి, ఉప్పు కుప్పలు ఇంటి ఎత్తుంటాయి అంది. మా దగ్గరా ఉన్నాయన్నాను. పొడుగు కాళ్ళ గులాబి రంగు పక్షులు వస్తాయంది. మాకూ వస్తాయన్నాను. ఆవిడ చేతికంటిన పిండి దులుపుకుని, "అన్నీ మీకూ ఉంటే నువ్వు ఇక్కడికి ఎందుకొచ్చావు?" అంది. ఆ ప్రశ్న మా అల్లుణ్ణి అడగాలి.

ఊరి సంగతులు పని చేసుకుంటూనే చెప్పేది. దక్షిణపు గాలి పట్టిందంటే నీళ్ళు వీధుల్లోకి వచ్చి గడప నాకి పోయేవట. గోడల్లో ఉప్పు ఉబికి సున్నం రాలిపోతుంటే ఏటేటా ఈస్టరుకి ముందు ఆడవాళ్ళే వెల్ల వేసుకునేవారట. ఎండాకాలం బురద కుళ్ళిన వాసన, దోమలు, ఇంటికొక మలేరియా జ్వరం, క్వినైన్ చేదు. సాయంత్రం మగవాళ్ళంతా కాఫీ కొట్టు ముందు కుర్చీల్లో కూర్చుని గవర్నమెంటుని పడగొడుతుంటే, ఆడవాళ్ళు ఎవరి గడప ముందు వాళ్ళు కుర్చీ వేసుకుని మగవాళ్ళని పడగొట్టేవారట. నీళ్ళ మధ్య కర్రల మీద కట్టిన గుడిసెలో ఆవిడ తండ్రి చేపల కాలమంతా ఉండిపోయేవాడు. అడుగు చదునుగా ఉన్న పడవని గెడతో తోసుకుంటూ ఈవిడ రొట్టె తీసుకెళ్ళేది.

చేపలు పట్టే పద్ధతి చెబుతున్నప్పుడు మాత్రం చేతిలో పని ఆపేసింది. వసంతంలో సముద్రపు చేప మేత కోసం లాగూన్‌లోకి వస్తుంది. శరత్కాలంలో గుడ్లు పెట్టడానికి మళ్ళీ సముద్రంలోకి పోవాలని చూస్తుంది. అప్పుడు దారికి అడ్డంగా రెల్లు తడికెలు కడతారు.

"వచ్చేటప్పుడు ఎవరూ ఆపరు టీచర్. తలుపు బార్లా తీసే ఉంటుంది. లోపల తిని బలిశాక, ఇంక పోదాం అనుకున్నప్పుడే కంచె."

"మా అల్లుడి ఉద్యోగం కూడా అంతే" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆ చేపల గుడ్లని తిత్తి చిరగకుండా తీసి, ఉప్పులో పెట్టి, ఆరబెట్టి, తేనెమైనంలో ముంచి దాచడం వాళ్ళ ఊరి పని. ఇక్కడ కూడా ఒకసారి కొడుకు చేత చేపల మార్కెట్ నుంచి తెప్పించి గరాజ్‌లో చేసింది. ఆ వాసనకి వీధి చివరివాళ్ళు గ్యాస్ కంపెనీకి ఫోన్ చేశారు. మాకొక కడ్డీ ఇచ్చింది. పసుపుపచ్చగా, నున్నగా, మైనం పూతతో ఉంది. కరెంటు పోయినప్పుడు మా అల్లుడు అగ్గిపుల్ల గీసి దానికి వత్తి ఎక్కడుందా అని చాలాసేపు వెతికాడు. ఈ సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ అంతగా నవ్వడం మళ్ళీ నేను చూడలేదు.

ఇక అసలు సంగతి. ఆ ఊరికి శ్మశానం వంతెన అవతల గట్టు మీద జానెడు చోటు. పోయినవాళ్ళకి శాశ్వతంగా ఇవ్వడానికి నేల లేదు. మూడేళ్ళు అద్దెకిచ్చినట్టు ఇస్తారు. మూడేళ్ళయ్యాక ఇంటి ఆడవాళ్ళే ప్రీస్టు ముందు తవ్వి, ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, తెల్లగుడ్డలో ఆరబెట్టి, చిన్న పెట్టెలో సర్ది, పేరు రాసి చర్చి గదిలో పెడతారు. అప్పటికిగాని మనిషి పని పూర్తయినట్టు కాదు.

"మా అమ్మ తలని ఒళ్ళో పెట్టుకుని కడిగాను" అంది ఒకసారి, బీన్స్ తుంచుతూ. "చిన్నప్పుడు ఆవిడ నాకు తలంటినట్టే. కళ్ళు మూసుకోమని చెప్పే పని లేదు, అదొక్కటే తేడా."

మరి మీ సంగతేమిటంది. దహనం చేస్తాం, ఒకటి రెండు రోజుల్లో అస్థికలు ఏరి నీళ్ళలో కలుపుతాం అన్నాను.

"ఒకటి రెండు రోజుల్లోనా? ఏమంత తొందర?"

"మా దగ్గర ఎండలెక్కువ."

"మనిషికి మూడేళ్ళు టైమివ్వలేరా?" అని విసుక్కుంది.

ఆవిడ భర్త నేను రాకముందే పోయాడు. ఇక్కడే, హైవే పక్కనున్న సెమెటరీలో పెట్టారు. మూడేళ్ళు నిండాక, ఒక వేసవి పొద్దున, కొడుకు డైనర్‌కి వెళ్ళగానే మా తలుపు తట్టింది. చేతిలో సంచి, అందులో వైన్ సీసా, ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ, ఒక రేకు పెట్టె. "టీచర్, నీ ఇంగ్లీషు కావాలి. టాక్సీ పిలువు" అంది. మా ఇద్దరికీ డ్రైవింగ్ రాదు. మనవరాల్ని కూడా ఎక్కించుకుని వెళ్ళాం.

సెమెటరీ ఆఫీసులో టై కట్టుకున్న కుర్రాడు చాలా మర్యాదగా విన్నాడు. నేను గ్రామర్ తప్పకుండా చెప్పాను. అతని ముఖం పాలిపోయింది. ఇక్కడ అలా చేయరని, అయినా కుదరదని, కిందంతా వాల్ట్ ఉందని చెప్పాడు. వాల్ట్ అంటే కాంక్రీటు తొట్టి. శవపేటికని అందులో దించి పైన కాంక్రీటు మూత పెడతారు. ఎందుకని అడిగాను. పేటిక పుచ్చితే పైన నేల కుంగుతుంది మేడమ్, అప్పుడు గడ్డి కోసే మిషన్ సాఫీగా నడవదు అన్నాడు.

ఆవిడకి సగం అర్థమైంది, ఆ సగమే చాలు. "అంటే నా మొగుడికి మట్టి తగల్లేదా?"

"లేదు మేడమ్. పూర్తి ప్రొటెక్షన్" అన్నాడు కుర్రాడు, ఓదారుస్తున్నాననుకుని.

"దేన్నించి?"

అతను బ్రోషర్ ఒకటి తీసి ఆవిడకి ఇచ్చాడు.

టాక్సీలో ఆవిడ రేకు పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆయన్ని ఫ్రిజ్‌లో పెట్టారు" అంది. వైన్ వృథా చేసే మనిషి కాదు గనుక మర్నాడు దాంతో ఆక్టోపస్ వండింది.

అప్పటినుంచి కొడుకుని అడగడం మొదలుపెట్టింది. నన్ను ఊరికి పంపు. నువ్వు రానక్కర్లేదు, విమానం ఎక్కించు చాలు, మూడేళ్ళకి మా మేనకోడలు కడుగుతుంది. వాళ్ళ పోర్చ్‌లో నా ముందే ఎన్నిసార్లు అడిగిందో. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. రోజూ డైనర్ నుంచి వేడిగా సూప్ తెచ్చేవాడు. తల్లి అడిగిన ప్రతిసారీ "ష్యూర్, మా" అనేవాడు.

"ప్రమాణం చెయ్యి."

"ష్యూర్ అన్నాగా మా. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

"చూడు టీచర్, నువ్వు సాక్షివి" అనేది నాతో. ఈ దేశంలో ష్యూర్ అంటే అవును అని కాదు, ఇక చాలు అని. నాకు తెలుసు. ఆవిడకీ తెలుసనే అనుకుంటాను. లేకపోతే అన్నిసార్లు అడగదు.

ఫ్యూనరల్ హోమ్‌కి మా అమ్మాయి నన్ను తీసుకెళ్ళింది. శవాన్ని ముస్తాబు చేసి అందరికీ చూపించే చోటది. అక్కయ్య చెంపలకి ఎవరో రంగు పూశారు. బతికుండగా ఆ పని చేసి ఉంటే చెయ్యి విరిచేది. నేను కొడుకు పక్కన కూర్చుని, "బాబూ, అమ్మని ఊరికి ఎప్పుడు తీసుకెళ్తున్నావు?" అన్నాను.

"ఊళ్ళో ఎవరున్నారు టీచర్? కజిన్స్ అందరూ ఏథెన్స్ వెళ్ళిపోయారు. ఇక్కడైతే నాన్న పక్కనే. ఆదివారం ఆదివారం నేను వెళ్ళి చూడొచ్చు."

"నాన్న దగ్గరికి ఆదివారాలు వెళ్తున్నావా?"

"ఆదివారం డైనర్‌లో రష్" అన్నాడు తల వంచుకుని. మళ్ళీ అతనే, "అన్నిటికంటే మంచి వాల్ట్ తీసుకున్నాను టీచర్. లోపల లోహపు పూత ఉంటుంది. నీటి చుక్క కూడా దిగదని గ్యారంటీ ఇచ్చారు" అన్నాడు.

"నీళ్ళ మధ్య పుట్టిన మనిషిని నీటి నుంచి కాపాడుతున్నావన్నమాట."

"అవును" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మెచ్చుకున్నాననుకున్నాడు పాపం.

"అమ్మా, ఊరుకో" అంది మా అమ్మాయి తెలుగులో. "అది వాళ్ళ ఫ్యామిలీ విషయం."

"నా అస్థికలు పులికాట్‌లో కలపమంటే నువ్వు కూడా ష్యూర్ అన్నావుగా. అందుకని అడుగుతున్నాను" అన్నాను. అది పర్సులో ఏదో వెతుక్కుంది.

సెమెటరీలో ప్రీస్టు చదవవలసింది చదివి, పేటిక మీద శిలువ ఆకారంలో మట్టి చల్లాడు. మట్టి కాదు, ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు చిన్న సీసాలో ఇచ్చిన కడిగిన ఇసుక. ఆ తర్వాత అందర్నీ లంచ్‌కి డైనర్‌కి రమ్మన్నారు. కార్లు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి. పేటిక దించేటప్పుడు ఇక్కడ చుట్టాలు ఉండరు, అది వాళ్ళ మర్యాద. నేను కదల్లేదు. మా అమ్మాయి కారు దగ్గర నిలబడి వాచీ చూసుకుంటోంది.

తవ్విన మట్టి కుప్పని పచ్చటి ప్లాస్టిక్ గడ్డితో కప్పి ఉంచారు. మిషన్ మీద పేటిక కాంక్రీటు తొట్టిలోకి దిగాక, నేను ఆ ప్లాస్టిక్ చెంగు ఎత్తి గుప్పెడు మట్టి తీసి వేశాను. అది ఆవిడ ఊరి మట్టి కాదు. ఉప్పు లేని మట్టి. అయినా మట్టే కదా అనుకున్నాను. గాలిగా ఉంది. పేటిక మీద కాస్త పడిందో లేదో, ఎక్కువభాగం తొట్టి అంచు మీద పడింది.

మూత దించబోతున్న మనిషి ఆగాడు. "ఎక్స్‌క్యూజ్ మీ, మేడమ్. మట్టి ఉంటే సీల్ పట్టదు" అన్నాడు, చాలా మర్యాదగానే. వెనక జేబులోంచి గుడ్డ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, అంచు చుట్టూ శుభ్రంగా తుడిచాడు. మూలల్లో రెండోసారి తుడిచాడు. లేచి గుడ్డ దులిపాడు. దులిపిన మట్టి ప్లాస్టిక్ గడ్డి మీద పడితే, రెండో అతను చీపురు తెచ్చి దాన్ని కూడా ఊడ్చేశాడు.