అక్క గొంతులో జీర

ఆ వీధిలో అందరూ ఆయన్ని చెవులాయన అనేవారు. చెవులు పెద్దవేమీ కావు. వాటితో చేసే పనే అది. రికార్డు చేసిన పాటల్లో గొంతునూ వాయిద్యాలనూ విడివిడిగా సరిదిద్ది, ఒకదాని కాళ్లు ఇంకొకటి తొక్కకుండా కలిపే మిక్సింగ్ పని. కుట్టుమిషన్ల దుకాణం పైన రెండు గదుల స్టూడియో. గోడల నిండా నల్లటి స్పాంజి పలకలు. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. దాని మెత్త నలిగి నలిగి ఆయన ఆకారంలోకి వచ్చేసింది.

నేను తిరిగిన ఊళ్లలో తేయాకు రుచి చూసి ధర కట్టేవాళ్లనీ, వేళ్ల మధ్య నలిపి గుడ్డ నాణ్యం చెప్పేవాళ్లనీ చూశాను. వాళ్లందరిదీ ఒకటే గోస. కొట్టు మూసినా నాలుక మూతపడదు, వేళ్లు ఊరుకోవు. చెవులాయనకి ఇంటికి వెళ్లినా ఫ్యాను ఏ శ్రుతిలో తిరుగుతోందో కూడా వినపడేది. "ఊరందరి గొంతులూ వింటారు, నేను పిలిస్తే మాత్రం పలకరు" అనేది భార్య. ఆయన దానికీ పలికేవాడు కాదు. ఓపిక ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆయన అక్క వచ్చింది. అరవై మూడేళ్ల మనిషి. ఇరవై ఏళ్లపాటు రేడియోలో వారం వారం పాడింది. నాలుగేళ్ల కింద గొంతుకి ఆపరేషన్ అయ్యాక మానేసింది. మళ్లీ పాడతానని రాస్తే, కొత్త రికార్డింగు ఒకటి శనివారంలోగా పంపండి, విని చెబుతాం అని రేడియోవాళ్లు జవాబిచ్చారు. ముందు వారమే గిటారుతో ఒక పాట పాడి రికార్డు చేయించుకుంది. ఇప్పుడు మిక్సింగ్. అది శుక్రవారం.

"ఈ జీర తీసేయరా" అంది, కూర్చుంటూనే. "రంపంతో కోసినట్టుంది. అది పోతే పంపుతాను, లేకపోతే లేదు. అంతే."

"పోతుందిలే, ముందు మంచినీళ్లు తాగు."

స్వరంలో ఏ భాగం పెంచాలో, ఏది తగ్గించాలో చేసేది ఈక్వలైజరు. ఆయన దగ్గర రెండున్నాయి. కంప్యూటర్లోది సన్న ఉలిలాంటిది. చిటికెనవేలంత చోటు గుర్తుపట్టి అంతవరకే చెక్కుతుంది. ఇంకొకటి పాత ఇనుప పెట్టె, ఆరు పిడులు. తాపీపని వాడి పలకలా వెడల్పుగా, మెత్తగా సాపు చేస్తుంది. ఆడవాళ్ల గొంతుకి ఆయన ఎప్పుడూ పెట్టెనే ఎంచుకుంటాడు. ఉలి పెడితే జీరతోపాటు మాటలో ముక్కలు కూడా రాలతాయని ఆయన భయం.

గంటసేపు పిడులు తిప్పాడు. ఒక చరణమే నలభై సార్లు.

"ఇప్పుడు?"

"ఊఁ. కాస్త నయం."

"ఇప్పుడో?"

"ఇదిగో... ఇది నా గొంతు! ఆపరేషన్‌కి ముందుది!"

ఆయనకీ అలాగే వినిపించింది. అక్క చెప్పులు విడిచి, కాళ్లు కుర్చీ మీదికి మడుచుకుంది. మొదట ఎలా ఉందో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కన వినిపిద్దామని ఆయన పెట్టెని ఆపే మీటని ఒక్కసారి నొక్కాడు.

పాట కుండలో మూతిపెట్టి పాడినట్టయిపోయింది. జీర పోయింది నిజమే, దాంతోపాటు మనిషీ పోయింది.

మీట మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. పొద్దున సబ్బు ప్రకటన పని చేస్తూ పెట్టెని ఆపేశాడు, మళ్లీ వేయడం మరిచాడు. వేసి ఉందో లేదో చెప్పే దీపం కిందటేడే మాడిపోయింది. అంటే గంటసేపు తిప్పిన పిడులు దేనికీ తగల్లేదు. ఆయన ఇప్పుడే వేశాడు.

మీట మళ్లీ ఎత్తేసి, "అయిపోయింది, పంపేద్దాం" అంటే సరిపోయేది. ఆయన పాట ఆపి, కుర్చీని అక్కవైపు తిప్పాడు.

"ఏమైందిరా?"

"అక్కా, ఇది ఆపేసి ఉంది."

"ఏది?"

"ఈ పెట్టె. ఇంతసేపూ నేనేమీ తీయలేదు. నువ్వు విన్నది ఉన్న గొంతే."

"మరి జీర?"

"ఉంది."

"ఇందాక లేదు కదరా!"

"నాకూ వినపడలేదు."

"పెద్ద చెవులాయనవి!"

"అదే కదా నా ఏడుపు."

ఆవిడ మళ్లీ పెట్టమంది. అదే పాట, అదే గొంతు. మొదటి లైను దాటకముందే మొహం ముడుచుకుంది. "వచ్చేసింది చూడు, మళ్లీ వచ్చేసింది." చెప్పులు వేసుకుంది. సంచి అందుకుంది. "వద్దులే. పంపొద్దు."

"పావుగంట ఆగు. ఆ తరవాత నీ ఇష్టం."

ఈసారి ఆయన గొంతు జోలికి పోలేదు. గిటారుని పట్టుకున్నాడు, కంప్యూటర్లోని సన్న ఉలితో. జీర ఎక్కడ పలుకుతోందో సరిగ్గా అక్కడే తీగల మోత కూడా ఎగిసిపడుతోంది. రెండూ ఒకదాన్నొకటి రాసుకుని గీరుకుంటున్నాయి. గిటారులో ఆ చోటుని కొద్దిగా, ఇంకొద్దిగా తగ్గించాడు. పాట పెట్టాడు.

"ఉంది" అంది అక్క.

"ఉంది. గీరడం లేదు."

"మిగిలిందీ తీసేయకూడదూ?"

"తీయమంటే తీస్తాను. మీట వేసి, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే బాగానే వస్తుంది కూడా. వాళ్లకి నచ్చితే రమ్మంటారు. వెళ్లాక మైకు ముందు నిలబడేదెవరు? ఈ పెట్టెనా?"

ఆవిడ ఒళ్లో సంచి పట్టీని వేలికి చుట్టింది, విప్పింది. కింద దుకాణంలో ఎవరో మిషను తొక్కి చూస్తున్నారు.

"అక్కడ దగ్గు రాకుండా ఉంటే చాలు" అంది చివరికి. "పంపెయ్."

మూడు వారాలకి జవాబొచ్చింది. వారం వారం కాదు, నెలకొక్కసారి. అదీ తెల్లవారి ఐదున్నరకి.

"ఆ వేళప్పుడు వినేదెవర్రా?" అని ఫోనులో మండిపడింది.

"అప్పుడే లేచిన వాళ్లందరి గొంతూ జీరగానే ఉంటుంది, నీది ఎవరికీ తెలియదులే."

"నోర్ముయ్. అయిదింటికి మొదటి బస్సుందో లేదో కనుక్కో ముందు."