కనకమ్మ చెప్పిన ముగింపులు

1974. మద్రాసులో ఒక తెలుగు దినపత్రికకు విలేకరిగా ఉన్నాను. విశ్వవిద్యాలయం వారు తిరువొత్తియూరులో ఒక స్కూలు హాలు తీసుకుని, చుట్టుపక్కల జనానికి శనివారం సాయంత్రాలు ఉచితంగా సినిమాలు వేసేవారు. ఎక్కడెక్కడి దేశాల సినిమాలో. జనం వాటిని ‘ఓసీ సినిమా’ అనేవారు. డబ్బివ్వకుండా దొరికేదాన్ని ఆ ఊళ్ళో అలాగే అంటారు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు, కుప్పాలనే జాలరిపేటల ఆడవాళ్ళు చాపల మీద కూర్చునేవారు. ఆ హాలు నా బీట్‌లో పడింది. బీట్ అంటే విలేకరికి అప్పగించిన వార్తల పరిధి.

నా ముందు వరసలో ప్రతివారం ఒక జంట కూర్చునేది. సుబ్బరాయుడు టోకు బట్టల కొట్లో లెక్కలు రాసి, చూపు పోయి ఇంటిపట్టున ఉన్న మనిషి. తెరమీద జరిగేదంతా ఆయన భార్య కనకమ్మ చెవిలో చెప్పేది.

ఒకనాటి సినిమాలో చేపల వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఒడ్డున భార్య ఒక్కతే నిలబడి ఉంది. హాల్లో ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

“ఏమే, అందరూ ఎందుకట్లా ఏడుస్తాండారు?” అన్నాడాయన.

“పడవ వచ్చేసిందండీ. సంతోషం పట్టలేక.”

ఆట అయ్యాక, ఆయన కాస్త ఎడంగా గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు, ఎందుకలా చెప్పారని ఆమెను అడిగాను.

“కంటి డాక్టరు ఇంక చూపు రాదనేశాడు సామీ. ఆపొద్దు నుంచి ఈయనకు అన్నం సయించదు. ఈడికొచ్చిన పొద్దే రెండు ముద్దలు తింటాడు. ఏడుపు ఇంట్లో ఉండాదే, ఓసీగా ఈడ గూడా ఏల?” అని నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించింది. “పేపర్లో వేసేస్తావా ఏంది? పక్కింటాయన దినమూ చదివి వినిపిస్తాడు. నా కొంప ముంచొద్దు.”

మేము ‘హ్యూమన్ ఇంట్రెస్ట్’ అంటాం, రాజకీయాల మధ్య పాఠకుడు ఆగి చదివే మనిషి కథని. అంతకంటే మంచిది ఆ ఏడాది నాకు దొరకలేదు. రాయలేదు. ఏ సినిమా వేశారో, జనం ఎలా వచ్చారో మాత్రం రాసిచ్చాను.

వానలు వెలిశాక ఒక శనివారం ఎవరో ఆయన్ని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టి వెళ్ళారు. కనకమ్మ జ్వరంతో పోయిందని వెళ్ళేముందు చెప్పారు. ఆనాటి సినిమాలో ఒక తల్లి మంచం పట్టింది. ఆయన చివరిదాకా తల వంచుకుని విన్నాడు. హాలు నిశ్శబ్దమయ్యాక నా చెయ్యి తడిమాడు.

“ఏమైంది సామీ ఆయమ్మకు?”

“పోయిందండీ,” అన్నాను.

“సెరి. మా కనకమైతే బతికించేసుంటాది.”

“ఆమె మార్చి చెప్పేదని మీకు తెలుసా?”

“పడవ వస్తే ఎట్లా ఏడుస్తారో, రాకపోతే ఎట్లా ఏడుస్తారో ఈ వూళ్ళో పుట్టినోడికి తెలీదా?”

ఆ తరవాత చాలా చావు వార్తలు రాశాను. ఏ వార్తనూ మార్చలేదు. మొదటి వాక్యానికి ముందు, అది ఎవరి చెవిన పడుతుందోనని కాసేపు కలం ఆపడం మాత్రం ఆ సాయంత్రం నుంచే అలవాటైంది.