కోటింగ్ గదిలోకి

నాన్నకు బీదర్‌లో కళ్ళజోళ్ళ దుకాణం. ఎవరు కళ్ళజోడు చేతికిచ్చినా ముందు దానిమీద 'హా' అని ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ తరువాతే ఏమైందని అడిగేవారు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. చర్చిలో ప్రసంగం మధ్యలో పాస్టరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెడితే, ముందు వరసలో కూర్చున్న నాకు చేతులు దురద పెట్టేవి.

ఇంజనీరింగ్ పూర్తయిన ఏడు మా క్లాసులో సగం మంది హైదరాబాద్ బస్సెక్కారు. అమీర్‌పేటలో ఓ గది, ఓ కంప్యూటర్ కోర్సు, ఆపైన ఉద్యోగం. ఎవరిని చూసినా అదే హడావుడి. "నువ్వింక గాజుముక్కలు వట్టుకోనే తిరుగుతున్నవా?" అని నా స్నేహితురాలు ఫోన్లో ఎక్కిరించేది. నాకేమో కంప్యూటరు తెర చూస్తే నిద్ర వచ్చేది, లెన్సు చూస్తే ఉన్న నిద్ర కూడా ఎగిరిపోయేది. ఏం చేయను?

అందుకే హైదరాబాద్ శివార్లలోని ఓ చిన్న లెన్సుల కర్మాగారం ఇంటర్వ్యూకి పిలిస్తే మొదటి బస్సుకే బయలుదేరాను. దారిలో మన్నాఏఖేళ్ళిలో బస్సు ఆగినా టీ తాగడానికి దిగలేదు, ఎక్కడ వదిలేసి పోతుందోనని.

అక్కడి సూపర్‌వైజరు నెరిసిన మీసాల పెద్దాయన. నా సర్టిఫికెట్లు తిరగేసి, "మంచిగనే చదివినవమ్మా. ఆఫీసుల కూసో, రిపోర్టులు రాయి" అన్నారు.

"సార్, నేను కోటింగ్ గదిల చేద్దామని వచ్చిన."

లెన్సు మీద పడ్డ వెలుతురు తిరిగి కొట్టకుండా, కంటికి ఆననంత పల్చటి పూత పెట్టే గది అది. నాకు కావలసింది ఆ గదే. రిపోర్టులు రాయడానికైతే బీదర్‌లోనే ఉండకపోయానా!

"అండ్ల ఆడోళ్ళు ఎవ్వరు లేరమ్మా" అంటూ, మాట మార్చడానికి కాబోలు, పూత పెట్టిన లెన్సొకటి నా చేతికిచ్చారు. ఇటు వంచితే ఊదారంగు, అటు వంచితే ఆకుపచ్చ. ఎంత బాగుందో! ఆ సంబరంలో నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. 'హా' అని ఊది, చున్నీ అంచుతో తుడిచేశాను.

"అరే, ఏం జేసినవ్? కోటింగును చున్నీతోని తుడుస్తరా?" ఆయన లెన్సు లాక్కున్నారు. సన్నటి గీత పడింది. "అసలే పూత పొరలు లేస్తున్నయని పరేషాన్ల ఉన్నం. మీదికెల్లి నువ్వొకదానివి!"

నా పని అయిపోయిందనుకున్నాను. కానీ పొరలు లేస్తున్నాయన్న మాట చెవిన పడగానే భయం పక్కకు పోయి ఆరాటం మొదలైంది. "సార్, పూత పెట్టక ముందుది ఒకటి సూపిస్తరా? ఈసారి తుడవ."

ఏమనుకున్నారో, కడిగి తుడిచి సిద్ధంగా ఉంచిన లెన్సొకటి అంచులు పట్టుకుని ముందుకు చాచారు. మెల్లగా ఊదాను. శుభ్రమైన గాజు మీద ఆవిరి ఒకే తీరుగా పరుచుకుంటుంది, ఒకే తీరుగా పోతుంది. ఇక్కడ గుడ్డ తిరిగిన మేరంతా చారలు చారలుగా నిలిచింది.

"తుడిచే గుడ్డను సబ్బుతోని ఉతుకుతున్నరా సార్?"

"మరి ఉతకకుంటే మురికి పోతదా?"

"ఆ సబ్బు గుడ్డలనే ఉండి గాజుకు అంటుకుంటది సార్. అందుకే దానిమీద పూత నిలుస్తలేదు. మా నాయిన అద్దాల గుడ్డకు సబ్బు తాకనియ్యడు. ఉత్త నీళ్ళల్ల ఉడకవెడ్తడు."

ఆయన ఇంకొకటి తీసి తానే ఊదారు. చారలు. మూడోది నేను ఊదాను. చారలే! ఇద్దరం వంతులేసుకుని ఊదుతుంటే నాకు నవ్వాగలేదు. ఇంటర్వ్యూ సంగతే మరిచిపోయాను.

ఆయన మరిచిపోలేదు. "కోటింగ్ గదిల దినమంత నిలవడాలె. లోపల ముచ్చట్లు వెట్టొద్దు. చున్నీ బయటనే."

"చేస్త సార్!" అరిచినంత పని చేశాను.

ఆ గదిలోకి దుమ్ము అంటని వేరే బట్టలు వేసుకునే వెళ్ళాలి. మరి మార్చుకునే చోటు? ఉన్నదొక్కటీ మగవాళ్ళదే. ఆయన మీసం దువ్వుకుంటూ కాసేపు ఆలోచించి, పాత అట్టపెట్టెలు పడేసే చిన్న గది ఖాళీ చేయించారు. తలుపు మీద సుద్దముక్కతో పెద్దగా 'ఆడవాళ్ళు' అని రాశారు.

"నేనొక్కదాన్నే గద సార్?" అన్నాను.

"ఇయ్యాల ఒక్కదానివి" అంటూ సుద్దముక్క జేబులో వేసుకున్నారు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పక్క గదిలో లెన్సులున్నాయని ఆగాను.